ప్రతిజ్ఞలో క్రియ లేని వాక్యం
దళితుల దేశభక్తి గురించి కొన్ని మాటలు

దళితులకు దేశభక్తి లేదనే మాట ఒకవైపు నుంచి వినబడుతుంది. దళితులకు దేశభక్తి ఎందుకనే మాట ఇంకోవైపు నుంచి వినబడుతుంది. మొదటి మాట అనేవాళ్లు మనకు శత్రువులు. వాళ్లకు జవాబు చెప్పే పని మనం ఎప్పుడో మానేశాం. రెండో మాట అనేవాళ్లు మాత్రం మన మిత్రులే, మన సభల్లో మన పక్కన కూర్చునేవాళ్లే. ఊరికి వెలుపల బతికేవాడికి దేశం లోపల చోటెక్కడిదని వాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి వాళ్లిచ్చుకుంటున్న జవాబుతో మాకు పేచీ వుంది. ఆ పేచీని తేల్చుకోవడానికి మనందరికీ బాగా తెలిసిన, మనం చిన్నప్పుడు రోజూ గొంతెత్తి చెప్పిన ఒక తెలుగు వచనాన్ని తీసుకుని చదవాలనుకుంటున్నాం. బడిలో పొద్దున్నే చెయ్యి ముందుకు చాచి చెప్పిన ప్రతిజ్ఞ అది.

దీన్ని సాహిత్యంగా ఎవరూ చదవలేదు. దేశభక్తి సాహిత్యమంటే గురజాడ, రాయప్రోలు, దేవులపల్లి అని పాఠం చెప్పే మనం, తెలుగులో పుట్టి ఈ దేశంలోని అన్ని భాషల్లోకీ వెళ్లిన ఒక వచనాన్ని వదిలేశాం. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో, చైనాతో యుద్ధం వచ్చిన రోజుల్లో, విశాఖపట్నంలో ఖజానా శాఖ అధికారిగా వుండగా దీన్ని తెలుగులోనే రాశారు. తెన్నేటి విశ్వనాథం చేతిమీదుగా అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో చెప్పించడం మొదలైంది. రాసినాయన 1988లో పోయారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో వచనం వుంది గానీ ఆయన పేరు లేదు. ఆయన ఉద్దేశం మంచిదనడంలో మాకు సందేహం లేదు. ఈ వ్యాసం ఆయన మీద ఫిర్యాదు కాదు. మంచి ఉద్దేశంతో రాసిన వచనంలో కూడా సమాజం తన మాట ఎట్లా చెప్పుకుంటుందో చూడడమే ఇక్కడ మా పని.

వాక్యాల నిర్మాణం చూడండి. దేశంలోని వాళ్లంతా తోబుట్టువులని చెప్పే వాక్యం మొదట్లోనే వస్తుంది. ఆ వాక్యంలో క్రియ లేదు. తెలుగులో క్రియ లేకుండా 'వాళ్లు వీళ్లు' అని చెబితే అది ఇప్పటికే వున్న స్థితి అని అర్థం. 'ఆయన మా మేష్టారు' అన్నట్టు. అందులో ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ఇక కింది వాక్యాలకు రండి. తల్లిదండ్రుల్ని, ఉపాధ్యాయుల్ని, పెద్దల్ని గౌరవిస్తామంటాం. అందరితో మర్యాదగా నడుచుకుంటామంటాం. జంతువుల పట్ల దయగా వుంటామని కూడా అంటాం. ఇక్కడ క్రియలున్నాయి. చెయ్యబోయే పనులున్నాయి. ప్రతిజ్ఞ అంటేనే చేస్తామని మాటివ్వడం. పెద్దలకు మాట దొరికింది. పశువులకు మాట దొరికింది. తోబుట్టువుకు మాత్రం మాట దొరకలేదు, వుత్త ప్రకటన దొరికింది.

ఇది వ్యాకరణం పట్టుకుని చేస్తున్న రంధ్రాన్వేషణ అని ఎవరైనా అనొచ్చు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో చవుదారు చెరువు దగ్గరకు నడిచి వెళ్లింది దేనికి? ఆ చెరువులో పశువులు నీళ్లు తాగుతున్నాయి, మహర్లు తాగకూడదు. పశువు మీద దయ ఈ దేశానికి కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. నేర్పాల్సిన విషయం వేరే వుంది. దాని దగ్గరికి వచ్చేసరికి వచనం క్రియను పోగొట్టుకుంది.

ఇక 'సహోదరులు' అనే మాట. సహ, ఉదరం. ఒకే కడుపున పుట్టినవాళ్లు. ఈ దేశంలో వేల ఏళ్లుగా చదువుకున్నవాళ్లు వల్లించిన పురుషసూక్తంలో పుట్టుక ఎట్లా వుందో మనకు తెలుసు. ఒకడు నోట్లోంచి, ఒకడు చేతుల్లోంచి, ఒకడు తొడల్లోంచి, ఒకడు పాదాల్లోంచి. నలుగురికీ కడుపు ఒకటి కాదు, అసలు కడుపే లేదు. అయిదోవాడికి ఆ ఒంటి మీద ఎక్కడా చోటు కూడా లేదు. అట్లాంటి సమాజంలో అందరం ఒకే కడుపున పుట్టామనడం ఎంత పెద్ద మాటో, ఎంత తిరుగుబాటు మాటో ఆలోచించండి. దాన్ని నిజంగా నమ్మి చెబితే పీఠాలు కదలాలి. కానీ అరవై ఏళ్లుగా కోట్లమంది పిల్లలు రోజూ చెబుతున్నా ఏమీ కదల్లేదు. ఎందుకంటే దాన్ని చెయ్యాల్సిన పనిగా ఎవరూ వినలేదు, అయిపోయిన పనిగా విన్నారు.

మాలో కొందరం బడిపంతుళ్లం. ఈ వచనాన్ని పిల్లల చేత చెప్పించడం మా ఉద్యోగంలో భాగం. ఒక బడిలో, పేరు అనవసరం, ప్రతిజ్ఞ అయ్యాక ఇరవై నిమిషాల్లో జరిగేది చూశాం. నీళ్ల డ్రమ్ము దగ్గర వాడ పిల్లలు దోసిలి పడుతున్నారు, ఊరి పిల్లలు గ్లాసు ముంచుకుంటున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కొట్టలేదు. పిల్లలకే తెలుసు. వాళ్లకు ప్రతిజ్ఞ కన్నా ముందే ఆ పాఠం వచ్చేసింది. మా వైపు 'పెద్దలు' అనే మాటకు వున్న అర్థం కూడా పిల్లలకు తెలుసు. వయసు మళ్లినవాళ్లని కాదు. పెద్దల దగ్గర పంచాయితీ, పెద్దలు ఒప్పుకోవాలి, పెద్దల ముందు చెప్పులేసుకుంటావా అన్నప్పుడు వచ్చే పెద్దలు. డెబ్భై ఏళ్ల మాదిగ తాత ఆ మాటలోకి రాడు. పాతికేళ్ల దొరబిడ్డ వస్తాడు. పెద్దల్ని గౌరవిస్తానని పిల్ల చేత చెప్పించేటప్పుడు ఏ పెద్దలని మేం వివరంగా చెప్పాల్సి వుంది. ఎంతమందిమి చెప్పాం?

అట్లాగే దేశపు సంపన్నమైన వారసత్వానికి గర్వపడాలనీ, దానికి అర్హత సంపాదించుకోవాలనీ వస్తుంది. ఈ 'అర్హత' దగ్గర మా గొంతు పట్టేస్తుంది. ఏ వారసత్వం మనల్ని అనర్హులని తేల్చిందో దానికే మనం అర్హులం కావాలి! చర్మాన్ని తోలుగా మార్చే విద్య, డప్పును నిప్పుసెగ మీద కాచి శృతి చేసే విద్య, మగ్గం, కంచెల్లో వేర్లు ఆకులు గుర్తుపట్టే వైద్యం, ఇవన్నీ ఆ సంపన్న వారసత్వం జాబితాలో వున్నట్టు ఏ పాఠంలోనూ లేదు. వుంటే అర్హత సంపాదించుకోవాల్సినవాళ్లు ఇంకెవరో అయ్యేవాళ్లు.

మరి ఈ వచనాన్ని అవతల పారెయ్యాలా? మన మిత్రులతో మా పేచీ ఇక్కడే. పారెయ్యమంటున్న మిత్రులు సహోదరత్వం అగ్రవర్ణాల సరుకు అనుకుంటున్నారు. అది మన సరుకు. 1946 డిసెంబరులో నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానంలో స్వేచ్ఛ వుంది, సమానత్వం వుంది, సౌభ్రాతృత్వం అనే మాట లేదు. దాన్ని రాజ్యాంగ పీఠికలోకి తెచ్చింది అంబేద్కర్ అధ్యక్షతన పనిచేసిన ముసాయిదా సంఘం. ఇప్పుడు అంత అవసరం ఎప్పుడూ లేదని భావించి చేర్చామని 1948 ఫిబ్రవరిలో ముసాయిదాతో పాటు పంపిన లేఖలో ఆయన తెలియజేశారు. అంటే ఈ దేశపు అధికారిక పత్రంలో తోబుట్టువుల మాటను రాయించింది అంటరాని కులంలో పుట్టిన మనిషి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన చివరి ప్రసంగాన్ని అందరూ వైరుధ్యాల గురించి మాత్రమే ఉటంకిస్తారు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, సామాజిక జీవితంలో మనిషికో విలువ అనే భాగం అది. అదే ప్రసంగంలో ఇంకో భాగం మా చర్చకు ఎక్కువ అవసరం. మనం ఇప్పటికే ఒక జాతి అయిపోయామనుకోవడం పెద్ద భ్రమ అన్నారాయన. వేల కులాలుగా చీలిన జనం జాతి ఎట్లా అవుతారని అడిగారు. ఇంకా కాలేదని ఎంత తొందరగా గ్రహిస్తే అంత మంచిది, అప్పుడే కావడానికి ఏం చెయ్యాలో ఆలోచిస్తామన్నారు. సౌభ్రాతృత్వం లేకపోతే స్వేచ్ఛా సమానత్వాలు పైపై రంగు పూతలేనన్నారు.

ప్రతిజ్ఞ 'అయ్యాం' అంటుంది. అంబేద్కర్ 'ఇంకా కాలేదు' అంటాడు. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవాళ్లే. కానీ మొదటి మాటలో ఆశకు పని లేదు. అయిపోయినదాని మీద ఆశ ఎందుకు? 'ఇంకా' అన్నప్పుడే రేపటికి చోటు దొరుకుతుంది. దళితులు ఈ దేశం మీద ఆశ పెట్టుకున్నారంటే ఆ 'ఇంకా' అనే మాట మీద పెట్టుకున్నారు. 1931 ఆగస్టు 14న బొంబాయి మణిభవన్‌లో గాంధీ ఎదురుగా కూర్చుని తనకు మాతృభూమి లేదని చెప్పిన మనిషే ఇరవయ్యేళ్లు తిరక్కముందే ఈ దేశానికి రాజ్యాంగం రాశాడు. ఈ రెంటికీ పొంతన లేదనుకునేవాళ్లున్నారు. వుంది. దేశం లేనివాడు దేశాన్ని తయారుచెయ్యడానికి పూనుకున్నాడు.

ఇది తెలుగు నేలకు బయటి నుంచి వచ్చిన ఆలోచన కూడా కాదు. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగింది. పంచములనే పేరును తీసేసి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్న సభ అది. అప్పటికి ఆంధ్రోద్యమం మొదలై నాలుగైదేళ్లయింది, ఆంధ్రుల ఘనత గురించి పద్యాల మీద పద్యాలు వస్తున్నాయి. ఆ పద్యాల్లో తమకు చోటు అడుక్కోవడానికి బదులు ఈ నేలకు మొదటివాళ్లం మేమేనని చెప్పడం మామూలు ధైర్యం కాదు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకోవాల్సి వచ్చింది. దేశభక్తి గీతాల చరిత్ర రాసేవాళ్లు ఈ సభను ఆ చరిత్రలో ఎందుకు రాయరు?

గురజాడ 'దేశభక్తి' గేయం 1910 నాటిది. దేశాన్ని నేలగా కాక మనుషులుగా చూడమన్న ఆ గేయం గొప్పతనాన్ని మేం తగ్గించడం లేదు. మన సభల్లో కూడా పాడుకుంటాం. ఆ మరుసటి ఏడాదే ఆయన 'లవణరాజు కల'లో మాలపిల్లను రాజు పక్కన నిలబెట్టాడు, కులాన్ని మంచీచెడ్డలతో కొలవమన్నాడు. అయినా మనుషులు అన్నంత మాత్రాన సరిపోతుందా? ఏ మనుషులు, ఎవరి పొలంలో ఏ మనుషులు అన్న ప్రశ్నను గేయం అడగదు. పంటలు పండించమంటుంది. పండించే చేతికి పొలం లేదన్న సంగతి గేయం సరిహద్దు అవతల వుండిపోయింది.

ఆ సరిహద్దు దాటినవాడు కుసుమ ధర్మన్న. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని రాసిన పాట 1920-21లో ఆంధ్రదేశమంతా మారుమోగింది. గరిమెళ్ల ఆ పాటకు జైలుకు వెళ్లాడు, స్వతంత్రం వచ్చాక కూడా పేదరికంలోనే మద్రాసులో 1952లో పోయాడు. ఆయన నిజాయితీకి వంక పెట్టలేం. ఉప్పును తాకడం కూడా దోషమైపోయిందనీ, కూటి కోసం కుక్కలతో పోటీపడే గతి పట్టిందనీ తెల్లవాడి మీద ఆయన మొర పెట్టాడు. రాజమండ్రిలో ఆయుర్వేద వైద్యుడైన ధర్మన్న అదే వరసలో, ఒక్క విశేషణం మార్చి, 'మాకొద్దీ నల్ల దొరతనము' రాశాడు. పాలేరుతనం, చాలీచాలని కూలి, అంటరానితనం అందులో వస్తాయి. తాకితే దోషమనే మాట వెలివాడకు తెల్లవాడు వచ్చాక తెలిసింది కాదు. కుక్కకు దక్కే చోటు మనిషికి దక్కకపోవడమూ కొత్త కాదు. గరిమెళ్ల పాటలో తెల్లవాడి కింద అందరూ పడుతున్న బాధ, ధర్మన్న పాటలో మాలమాదిగలు ఆ 'అందరి' కింద పడుతున్న బాధ అయింది.

ధర్మన్న జాతీయోద్యమానికి అడ్డం పడ్డాడని అప్పట్లో కొందరన్నారు, ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మా దృష్టిలో ఆయన జాతీయోద్యమానికి అది మర్చిపోయిన సగాన్ని గుర్తుచేశాడు. దొరతనం వద్దనడమే స్వరాజ్యమైతే రంగు చూసి వద్దనడం ఏమిటి? దొరతనమే వద్దనాలి. విమర్శకులు ధర్మన్న పాటను పేరడీ అంటుంటారు. మాకు ఆ మాట నచ్చదు. పేరడీ అసలు పాటను పలచన చేస్తుంది. ధర్మన్న పాట అసలు పాటకు దాని పూర్తి అర్థాన్ని ఇచ్చింది.

జాషువా పద్ధతి వేరు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో పంపినట్టు, ఇతను దేవుడికి గబ్బిలంతో పంపుతాడు. గుడిలోకి ఇతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి వుంది. గర్భగుడి చీకట్లో తలకిందులుగా వేలాడే హక్కు దానికి ఎవరూ కాదనరు. ఇంతవరకూ అందరూ చెప్పేదే. మేం చూపించదలచుకున్నది దారి. ఆ గబ్బిలానికి దారి చెబుతూ అరుంధతీసుతుడు తెలుగు నేల చరిత్రను, పాత రాజధానుల్ని, నదుల్ని, కవుల్ని ఎంత ప్రేమగా వర్ణిస్తాడో చూడండి. తనకు గుడిలో చోటివ్వని దేశాన్ని అతను ఆకాశం నుంచి చూస్తున్నట్టు చూసి మురిసిపోతాడు. మొదట చదివినప్పుడు మాకు ఇది కోపం తెప్పించింది. ఇదేం దాస్యం, నిన్ను గెంటేసినవాళ్ల కోటల్ని పొగుడుతావా అనుకున్నాం. మళ్లీ చదివితే వేరే సంగతి కనబడింది. దారి తెలిసినవాడే దారి చెప్పగలడు. ఈ దేశం నాకు తెలియదనుకుంటున్నారు, మీకన్నా బాగా తెలుసు అని ఆ వర్ణనలన్నీ చెబుతున్నాయి. అయినా మా పాత కోపం పూర్తిగా పోలేదు. ఆ కోటల రాళ్లు మోసిందెవరో ఒక్కచోటైనా గబ్బిలం చెవిన వేసి వుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. తెలుగువాళ్లంతా అన్నదమ్ములన్న పాట మళ్లీ మొదలైంది. ఆ సెప్టెంబరు 2న ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద రాజ్యసభలో చర్చ జరుగుతున్నప్పుడే అంబేద్కర్ రాజ్యాంగాన్ని తగలబెట్టేవాళ్లలో తాను మొదటివాణ్ణవుతానని అన్నాడు. ఆ మాటను సందర్భం లేకుండా వాడుకునేవాళ్లు చాలామంది. కొత్త రాష్ట్రాల్లో అల్పసంఖ్యాకులకు, అణగారినవాళ్లకు రక్షణ ఏదన్నదే అప్పటి సందర్భం. రెండేళ్లకు, 1955లో, భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఆంధ్రను పేరు పెట్టి చెప్పాడు. భూమి, ఉద్యోగాలు, వ్యాపారం చాలావరకూ రెండు మూడు కులాల చేతుల్లో వున్నాయనీ, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారనీ, అక్కడ భాషా రాష్ట్రమంటే ఎవరి రాజ్యమో చూసుకోమనీ హెచ్చరించాడు. తెలుగుతల్లి బిడ్డలంతా ఒకటేనన్న పాటకు ఆయన వేసిన టీకా అది.

ఆ టీకాకు రుజువులు వెతకాల్సిన పని మన తరానికి లేకుండా పోయింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్లు చీరాలకు నడిచి వెళ్లారు. తిరిగి ఊరికి రామన్నారు. రాలేదు కూడా, చీరాలలోనే విజయనగర్ కాలనీ అయ్యారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది. ఊరు విడిచిపెట్టడాన్ని ఓటమిగా రాసినవాళ్లున్నారు. ఊరంటే తల్లి అని పల్లె గీతాలు రాసేవాళ్లకు అది అర్థం కాదు. ఊరిని వదిలేస్తే తప్ప దేశంలో పౌరులు కాలేమని వాళ్లు నిర్ణయించుకున్నారు.

చుండూరు వాళ్లు వేరే దారి పట్టారు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని తరిమి నరికారు, కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు ముందు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు తగిలిందని మొదలైన గొడవ, సాంఘిక బహిష్కరణ, అన్నీ మనకు తెలుసు. చనిపోయినవాళ్లను బతికినవాళ్లు ఊరి నడిమధ్యన పూడ్చారు. రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. బతికుండగా ఊరి మధ్యన చోటు దొరకనివాళ్లు చచ్చాక ఆ చోటు తీసుకున్నారు. ఆ తర్వాత వాళ్లు కోరిన కోరిక ఇంకా గొప్పది. విచారణ ఎక్కడో పట్నంలో కాదు, మా ఊళ్లోనే జరగాలన్నారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేక కోర్టు గురించి చెబుతోంది కదా, దాన్ని ఇక్కడికి తీసుకురమ్మన్నారు. ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్నారు. నేరం జరిగిన ఊళ్లో జడ్జి కూర్చున్నాడు. సాక్షులుగా కూలివాళ్లు ఎదురుగా నిలబడి దొరల పేర్లు చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది.

దేశభక్తి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేం దీన్ని చూపిస్తాం. ఢిల్లీలో 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం చుండూరుకు చేరడానికి అన్నేళ్లు పట్టింది, దాన్ని మోసుకొచ్చింది వితంతువులు, కూలివాళ్లు, వాళ్ల తరఫు వకీళ్లు. సరిహద్దును కాపాడినవాణ్ణి దేశభక్తుడంటాం, సరే. దేశాన్ని దేశంలోపలికి తీసుకొచ్చినవాళ్లను ఏమంటాం?

ఆ తీర్పును 2014 ఏప్రిల్ 22న హైకోర్టు కొట్టేసింది. ముద్దాయిలందరూ నిర్దోషులన్నది. ఎనిమిదిమందిని ఎవరూ చంపలేదన్నమాట. ఆ రోజు మాలో చాలామంది అన్నమాట, ఇక చాలు, ఈ దేశం మనది కాదు అని. మేం కూడా అన్నాం. చుండూరు వాళ్లు మాత్రం సుప్రీంకోర్టుకు పోవాలన్నారు. ఆశ గురించి మనం వ్యాసాలు రాస్తుంటాం. వాళ్లు కాగితాలు పట్టుకుని రైలెక్కుతారు. మన మిత్రులు దేశభక్తి ఎందుకని అడిగేటప్పుడు వాళ్లను కూడా ఒకసారి అడిగి చూడాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన బొమ్మ కూడా మన కళ్లముందే వుంది. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. 2024 జనవరి 19న విజయవాడలో ఇంకొకటి లేచింది. ఈ రెంటికీ ముందు, 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. ఆ గుంపులో వున్నవాళ్లంతా చిన్నప్పుడు రోజూ పొద్దున చెయ్యి చాచి అందరూ తోబుట్టువులేనని చెప్పినవాళ్లే. విగ్రహానికి ఎవరూ అడ్డం రాలేదు. విగ్రహం పట్నంలో వుంటుంది, దూరం నుంచి దణ్ణం పెట్టొచ్చు. జిల్లా పేరు అట్లా కాదు. ఆధార్ కార్డు మీద, పెళ్లి శుభలేఖ మీద, పిల్లాడి సర్టిఫికెట్ మీద రోజూ రాసుకోవాలి. 1949లో అంబేద్కర్ రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని హెచ్చరించాడు. ఆయన మీదే భక్తిని పెంచి ఆయన పేరును మాత్రం ఇంటి చిరునామాలోకి రానివ్వకపోవడం ఈ కాలపు తెలివి.

పిల్లలు ప్రతిజ్ఞ మీద ఒక జోకు వేసుకుంటారు. అందరూ అన్నాచెల్లెళ్లయితే పెళ్లెవర్ని చేసుకోవాలి, ఒక్కరు తప్ప అని చిన్నగా కలుపుకోవాలి అని. మేమూ వేసుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ జోకులో ప్రతిజ్ఞ కన్నా ఎక్కువ తెలివి వుంది. 1936లో 'కులనిర్మూలన'లో అంబేద్కర్ అసలు మందు కులాంతర వివాహమే అన్నాడు. సొంతవాళ్లమనే భావన రక్తం కలిస్తేనే వస్తుందన్నాడు. ప్రతిజ్ఞ రాసిన మనిషి పుట్టిన నల్లగొండ జిల్లాలోనే, మిర్యాలగూడలో, 2018 సెప్టెంబరు 14న ఒక దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికించారు. నరికించింది భార్య తండ్రి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. బావా అని పిలవాల్సినవాణ్ణి చంపేసే ఊళ్లో అన్నా అనే పిలుపుకు విలువ ఎంత?

ఇంతసేపూ ఊరి గురించి చెప్పాం. వాడ గురించి కూడా చెప్పకపోతే మేం నిజాయితీగా వున్నట్టు కాదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మోగినప్పుడు, వర్గీకరణ అడిగినవాళ్లను దళిత ఐక్యతకు ద్రోహులన్న వ్యాసాలు మన పత్రికల్లోనే వచ్చాయి. మన పాత మిత్రులే రాశారు. ఆ వ్యాసాల్లోని తర్కం మళ్లీ చదివితే సిగ్గేస్తుంది. అన్నదమ్ములం కదా, వాటాల మాట ఎందుకంటావు అని. ఊరి పెద్దలు మనతో అనే మాటే అది. క్రియ లేని వాక్యమే అది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అది అమల్లోకి వచ్చింది. ముప్ఫై ఏళ్లు పట్టింది. మాలమాదిగల మధ్య ఆ ముప్ఫై ఏళ్లలో పోయిన మాటలూ, తెగిన స్నేహాలూ ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. వాటా తేలాక అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెడతారా లేదా అన్నది మనం తేల్చుకోవాల్సిన విషయం. మా అనుభవంలో పల్లెల్లో మొదలైంది. యూనివర్సిటీల్లో ఇంకా కాలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ప్రతిజ్ఞను మానమని మేం చెప్పం, మానిపించే అధికారమూ మనకు లేదు. కానీ అది అయ్యాక పిల్లల్ని ఒక పని చెయ్యమనొచ్చు. తోబుట్టువుల వాక్యానికి ఒక క్రియ కలిపి రాయమనాలి. ఇప్పటికి రెండు తరగతుల్లో చేసి చూశాం. ఎక్కువమంది 'చూసుకుంటాను' అని రాశారు. ఒకమ్మాయి, వాడ పిల్ల, 'పిలుస్తాను' అని రాసింది. ఎక్కడికి అని అడిగితే మా ఇంటికి అన్నది. ఊరివాడొకడు ఏమీ రాయలేదు, ఇంటికెళ్లి అడిగి వస్తానన్నాడు. మర్నాడు బడికి రాలేదు. ఆ తర్వాత రోజు వచ్చాడు, కాగితం ఖాళీగానే వుంది. మేం గద్దించలేదు. ఇంకా తన దగ్గరే వుంచుకున్నాడు.

కుసుమ ధర్మన్న నడిపిన 'జయభేరి' పాత సంచికలు గానీ, ఆయన చిన్న పుస్తకాల తొలి ముద్రణలు గానీ ఎవరి ఇళ్లలోనైనా, గ్రంథాలయాల అటకల మీదైనా వుంటే దయచేసి మాకు తెలియజేయండి. నకలు తీసుకుని భద్రంగా తిరిగి పంపుతాం.